ద్రేనో వాలు కింద ఆగిన పటాలం

గుడ్డు ఇంకా అవలేదు, జనరల్ గారు గుడ్డు తినడమంటే మాటలు కాదు, చెంచా వెనకతో పెంకు నెత్తిన తట్టి, చుట్టూతా చిట్లగొట్టి, టోపీ తీసినట్టు పై ముక్క తీసి పక్కన పెట్టి, ఉప్పు చల్లి, అప్పుడు గాని లోపలికి తొంగి చూడరు, ఆ చెంచా కింద పెట్టేదాకా నలభై మంది అధికారులు గుర్రాలు దిగకుండా అర్ధచంద్రంలా వేచి ఉండాల్సిందే, వానొచ్చినా అంతే, ఇవాళ వాన లేదు, సెప్టెంబరు ఎండ కల్నల్ ఏగన్ ఫాన్ జెలిన్ మెడ వెనక, కాలరుకీ ములికి టోపీకీ మధ్య మిగిలిన రెండు వేళ్ళ చోటు చూసుకుని మరీ కాలుస్తోంది, కాల్చనీ, యాభై రెండేళ్ళ మెడ, డెన్మార్కు చలి చూసింది, బొహీమియా దుమ్ము చూసింది, ఫ్రాన్సు చూసింది, ఫ్రాన్సు సంగతి ఇప్పుడొద్దు, పొలం మధ్యలో బల్ల వేసి దాని మీద తెల్లగుడ్డ కూడా పరిచారు చూడు, పక్కనున్న కల్నళ్ళెవరూ తన వైపు చూడడం లేదు, చూడకుండా ఉండడం వాళ్ళకీ కష్టంగానే ఉంది పాపం, ఒకాయన గుర్రం జూలు సవరిస్తున్నాడు, ఇంకొకాయన మబ్బుల్లేని ఆకాశంలో మబ్బులు వెతుకుతున్నాడు, ఇందాక వచ్చి నిలబడ్డప్పుడు గుర్రానికీ గుర్రానికీ మధ్య బారెడు ఎడం ఉండేది, ఇప్పుడు తనకి రెండు పక్కలా మూడేసి బారలు, ఎవరూ జరిగినట్టు కనబడలేదు, అయినా ఎడం పెరిగింది, పడబోయే గోడ పక్కన ఎవరు నిలబడతారు, తనైనా నిలబడేవాడు కాదు, నాలుగేళ్ళ కిందట ఇలాగే ఒక మేజర్‌ని నిలదీసిన రోజు తనూ గుర్రాన్ని మెల్లగా పక్కకి తప్పించుకున్నాడు, ఆ మేజర్ పేరేమిటి, పేరు కూడా గుర్తు లేదు, క్రిస్మస్‌కి ముందే ఆయనకి నీలం కవరు వచ్చింది, బెర్లిన్ నుంచి వచ్చే ఆ నీలం కవరులో ఏముంటుందో విప్పకుండానే అందరికీ తెలుసు, ఇన్నాళ్ళూ సేవ చేశారు, సంతోషం, ఆరోగ్యం దృష్ట్యా ఇక విశ్రాంతి తీసుకోండి, అని, ఆరోగ్యం దుక్కలా ఉన్నవాళ్ళకే అది ఎక్కువగా వస్తుంది.

జరిగింది చెప్పుకుంటే చిన్నదే, పోమరేనియా పొలాల్లో పది రోజులుగా సాగుతున్న ఉత్తుత్తి యుద్ధానికి ఇవాళ ఆఖరు, రెండు పక్షాలూ మనవాళ్ళే, టోపీకి తెల్లపట్టీ చుట్టుకుంటే శత్రువు, చుట్టుకోకపోతే మనం, తూటాల్లో మందే గాని సీసం లేదు, తొమ్మిదిన్నరకి జెలిన్ పటాలం మొత్తం భుజానికి భుజం ఆనించి, డప్పులు కొట్టుకుంటూ ద్రేనో ఊరి వెనక వాలెక్కాలి, పైన కాచుకున్న తెల్లపట్టీలవాళ్ళని తరిమెయ్యాలి, ఆ ముచ్చట గుట్ట మీద బళ్ళలో కూర్చున్న దొరసానులూ అతిథులూ దుర్భిణీల్లో చూడాలి, అదీ ఉత్తర్వు, కాగితం మీద ఉంది, అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు, తొమ్మిదీ ఇరవైకి పటాలం బంగాళాదుంప చేను గట్టు దగ్గరికి వచ్చింది, మొక్కలు వడలి పసుపుబారాయి, గట్టు చివర ఇద్దరు ఆడవాళ్ళు బుట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు, చూడవే, మనం తవ్వాల్సిన చేను వీళ్ళు బూట్లతో తవ్విపోతారు, అంది ఒకతె, తవ్వితే తవ్వారు, ఏరుకోవడం తేలికవుతుందిలే, అంది రెండోది, జెలిన్‌కి ఆ మాటలు చక్కగా వినబడ్డాయి, ఆ సమయంలో అలాంటివే వినబడతాయి, చేను అవతల నేల మెల్లగా పైకి లేచింది, చెట్టు లేదు, పొద లేదు, పిల్లి దాక్కునేంత చాటు లేదు, పైన కొత్తగా తవ్విన మట్టి కట్ట, దాని మీద వరసగా తెల్లపట్టీలు, తన ఫిరంగులేమో ఇంకా వాగు వంతెన దగ్గర బురదలో ఉన్నాయి, వాటి కోసం ఆగమని ఉత్తర్వులో లేదు, జెలిన్ ఆ వాలు వంక చూశాడు, కుడి చెయ్యి లేచింది, తను ఎత్తాడా, దానంతటదే లేచిందా అంటే ఇప్పుడు చెప్పలేడు, కాదు, చెప్పగలడు, తనే ఎత్తాడు, బూర ఊదేవాడు అనుమానంగా మొహంలోకి చూసి, ఆగమనా కల్నల్ గారూ, అన్నాడు, ఆగమనే, అన్నాడు తను, బూర మోగింది, పదిహేడు వందల మంది ఒక్కసారిగా ఆగారు, పదకొండు నిమిషాలు ఆగారు, ఆ పదకొండు నిమిషాల్లో తెల్లపట్టీల పక్షం పక్క అడవిలోంచి దిగి మీద పడింది, చేతికి గుడ్డ కట్టుకున్న తీర్పరి గుర్రం పరుగెత్తించుకుంటూ వచ్చి, మీ పటాలం చచ్చింది కల్నల్ గారూ, వెనక్కి తీసుకుపొండి, అన్నాడు, డివిజన్ ఆటంతా అక్కడితో కుప్పకూలింది, గుట్ట మీదివాళ్ళకి డప్పుల మోతే వినబడలేదు.

వెనక నుంచి ఒక గుర్రం మూతి తన మోకాలి దాకా వచ్చింది, మార్వేడె, లెఫ్టినెంట్ మార్వేడె, మూడేళ్ళుగా తన ఉత్తర్వులు రాసేదీ, పై ఉత్తర్వులు తెచ్చేదీ ఇతడే, పెదాలు కదపకుండా మాట్లాడడం ఈ కాలపు కుర్ర అధికారులకి ఎవరు నేర్పుతున్నారో, కల్నల్ గారూ, నేను ఆలోచించాను, అంటున్నాడు, వంతెన దగ్గర నా గుర్రం కాలు మెలికపడిందంటాను, ఉత్తర్వు ఆలస్యంగా తెచ్చి, ఫిరంగులు వచ్చాకే కదలమన్నారని తప్పు చెప్పానంటాను, మీరు ఒప్పుకుంటే అయిపోతుంది, వద్దు, అన్నాడు జెలిన్, ఒక్క మాట వినండి, నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, నాకైతే నాలుగు తిట్లు, కాకపోతే వారం రోజులు ఇల్లు కదలొద్దంటారు, మా ఆవిడ సంబరపడుతుంది కూడా, మీకైతే, అని అక్కడ ఆగాడు, నీలం అనే మాట నోటితో అనలేదు, మర్యాద తెలిసినవాడు, మాట నిజమే, నాలుగు తిట్లు, అంతే, ఒక గుర్రం కాలు మెలికపడితే సరిపోతుంది, వసంతంలో ఇచ్చే బ్రిగేడ్ పదవుల జాబితాలో తన పేరు ఉందని బెర్లిన్ నుంచి బావమరిది రాశాడు, ఆ ఉత్తరాన్ని భార్య ఒటిలీ చక్కెర డబ్బాలో దాచుకుంది, ఒటిలీ తప్పేముంది, ఇరవై నాలుగేళ్ళ కాపురంలో పదకొండు ఊళ్ళు, ప్రతి ఊళ్ళోనూ కప్పులు గడ్డిలో చుట్టి సర్దింది ఆవిడే, విప్పింది ఆవిడే, ఒక ఊరి కిటికీకి కుట్టిన తెరలు ఇంకో ఊరి కిటికీకి చాలవు, కత్తిరించడం, అతకడం, అతికిన చోటే మళ్ళీ కత్తిరించడం, జనరల్ భార్యని అనిపించుకోవాలన్న సరదా నాకేం లేదు ఏగన్, ఒక్క యాపిల్ మొక్క పాతి దాని కాయ నేనే తినాలనుంది, అంటుంది, బయల్దేరే రోజు గుమ్మంలో బొత్తాం సరిచేస్తూ, ఈ పది రోజులూ కాస్త అదుపులో ఉండు, అంది, నా నోరు ఎప్పుడూ అదుపులోనే ఉంటుందే, అన్నాడు తను, నీ నోరు కాదయ్యా, నీ మొహం, నీకంటే ముందు అది మాట్లాడేస్తుంది, అంది, ఇవాళ మొహమూ మాట్లాడలేదు, నోరూ మాట్లాడలేదు, చెయ్యి మాట్లాడింది, ఆ సంగతి ఆవిడకి ఎలా చెప్పాలి, చెంచా చప్పుడు ఆగింది, లేదు, రెండో గుడ్డు.

ఉత్తర్వు అంటే పైవాడు తొడిగిన కోటురా, ఎవడు కుట్టాడని అడక్కూడదు, తొడుక్కోవాలి, అనేవాడు నాన్న, ఇసక పొలాలూ, కారే కప్పూ, ఐదుగురు మగపిల్లలూ ఉన్న జెలిన్‌ల ఇంట్లో అలాంటి కోటు తప్ప పంచుకోవడానికి ఇంకేమీ లేదు, పదో ఏట సైనిక పాఠశాలకి పంపిస్తే అక్కడ పొద్దున్నే గడ్డ కట్టిన నీటిని పిడికిలితో పగలగొట్టి మొహం కడుక్కోవడం నేర్పారు, ఏడవకుండా ఏడవడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, పద్దెనిమిదో ఏట లెఫ్టినెంట్, ఆపైన పన్నెండేళ్ళు అదే హోదా, చిన్న ఊళ్ళో అదే కవాతు, అదే బీరు, అదే మేజర్ గారి అవే హాస్యాలు, వాటికి అవే నవ్వులు, యుద్ధం రాకపోతే మన గతేమిట్రా, అని నవ్వుకునేవాళ్ళు, తర్వాత వరసపెట్టి మూడు వచ్చాయి, డెన్మార్కులో మంచు గుంటల్లో కూర్చున్నందుకు ఒక పతకం, బొహీమియాలో గోధుమ చేలకి అడ్డంపడి పరుగెత్తినందుకు ఒకటి, ఎక్కడికి పరుగెత్తమంటే అక్కడికి పరుగెత్తాడు, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నాడు, మంచి అధికారి, మాట జవదాటడు, అని ప్రతి ఏడాదీ ఫైల్లో రాశారు, అది తిట్టు కాదు, నిజంగానే మంచి అధికారి, కంపెనీలో ప్రతివాడి కాళ్ళూ స్వయంగా చూసేవాడు, బూటు కరిస్తే వాడిని బండెక్కించేవాడు, సైనికులు పైకి అనకపోయినా ఇష్టపడేవాళ్ళు, ఆ ఇష్టం వల్లే కదా ఆ రోజు లెమ్మంటే లేచారు, వద్దన్నాను కదా ఫ్రాన్సు సంగతి, వద్దంటే ఆగేదైతే పదహారేళ్ళ కిందటే ఆగేది.

ఆగస్టు పద్దెనిమిది, సాయంత్రం ఐదున్నర, సాం ప్రివా ఊరి ముందు వాలు, అక్కడా చెట్టు లేదు, పొద లేదు, కోతలైన గోధుమ మళ్ళు, కొయ్యకాళ్ళు బూటు కింద పటపటమనేవి, ఊరి గోడల వెనక ఫ్రెంచివాళ్ళు, వాళ్ళ తుపాకీ మన తుపాకీకి రెట్టింపు దూరం కొడుతుంది, మన గుండు సగం దారిలో రాలిపోతుంది, ఆ సంగతి రాజుకీ తెలుసు, వంటవాడికీ తెలుసు, ఫిరంగులు ఊరి గోడ కూల్చేదాకా ఆగితే సరిపోయేది, ఎవరూ ఆగలేదు, పటాలం వెనక పటాలం, కవాతుకి పోతున్నట్టు, డప్పులతో, కెప్టెన్ జెలిన్ కంపెనీలో రెండు వందల ముప్పై మంది, సగం వాలెక్కేసరికి ఎవరెవరు నడుస్తున్నారో ఎవరెవరు లేరో తెలియలేదు, ఒక చిన్న మోకాలి లోతు పల్లంలో మిగిలినవాళ్ళు బోర్లా పడుకున్నారు, సార్జెంటు అడోమైట్ అందరికంటే ముందు పడుకున్నాడు, తూర్పు ప్రష్యావాడు, తలుపంత మనిషి, ఎప్పుడూ కంగారు పడడు, కెప్టెన్ గారూ, ఇక్కడే పడుందామండీ, అన్నాడు, పొలం గట్టు మీద కూర్చుని మాట్లాడినట్టు, మన తుపాకులు ఎలాగూ అందవు, ఫిరంగులు రానివ్వండి, ఒక పావుగంట, అంతే కదా, మట్టి చల్లగా ఉంది, చెవి పక్కన చీమలు పోతున్నాయి, పావుగంట, జెలిన్ పక్కకి చూస్తే పక్క కంపెనీ లేచి నడుస్తోంది, లే అడోమైట్, అన్నాడు, అడోమైట్ వాదించలేదు, అలాగేనండీ, అని లేచాడు, మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు, అది మాత్రం కళ్ళకి కట్టినట్టుంది, ఎందుకు దులుపుకున్నాడో, పదకొండు అడుగులు నడిచాడు, ఆ రాత్రి హాజరు పిలిస్తే ఎనభై ఏడు గొంతులు పలికాయి, వాలు మీద ఎదురు నిలిచిన ధైర్యానికి జెలిన్‌కి ఇనప శిలువ పతకం ఇచ్చారు, అడోమైట్ వాళ్ళమ్మకి, బాధ లేకుండా ఒక్క క్షణంలో పోయాడమ్మా, అని ఉత్తరం రాశాడు, క్షణం కాదు, చీకటి పడేదాకా నీళ్ళడిగాడు, పటాలం పాదిరీ తర్వాత అన్నాడు, నువ్వు ఆపితే మాత్రం ఆగేదా నాయనా, వరదలో ఒక్క చుక్క ఆగితే వరద ఆగుతుందా, అని, ఒటిలీ కూడా అదే అంది, ఎన్ని మార్లు నిద్రలో ఉలిక్కిపడితే అన్ని మార్లు వీపు నిమురుతూ అదే అంది, ఒక కెప్టెన్ ఏం చెయ్యగలడు ఏగన్, ఎవరూ ఏమీ చెయ్యలేరు, ఆ మాట మీద తల పెట్టుకుని పదహారేళ్ళు నిద్రపోయాడు, ఆ మాట దిండు లాంటిది, అది లేకపోతే ఈ పాటికి ఏమయ్యేవాడో.

జెలిన్ గారూ, అని ఎవరో పిలుస్తున్నారు, జనరల్ గారు చేతిరుమాలుతో మీసం ఒత్తుకుంటున్నారు, బల్ల తీసేశారు, అప్పుడే ఎప్పుడు తీశారు, ద్రేనో దుంపలంటే మీకింత ప్రేమని మాకు తెలియదండీ, ముందే చెబితే ఒక బస్తా ఇంటికే పంపించేవాళ్ళం కదా, పటాలాన్ని తీసుకుపోయి చేలో నిలబెట్టుకోవడం ఎందుకు, అన్నారు, నవ్వాల్సినవాళ్ళు నవ్వారు, నవ్వు అయిపోయాక జనరల్ గొంతు మారింది, ఉత్తర్వు అందిందా, మోకాలి పక్కన మార్వేడె గుర్రం అరడుగు ముందుకేసింది, క్షమించాలి జనరల్ గారూ, పొరపాటు నా వల్ల, అంటున్నాడు, నిజంగానే మొదలుపెట్టేశాడు, పిచ్చి సన్నాసి, లెఫ్టినెంట్, వెనక్కి, అన్నాడు జెలిన్, కవాతులో అన్న గొంతుతోనే అన్నాడు, గుర్రమే ముందు విని వెనక్కి జరిగింది, అందింది జనరల్ గారూ, వేళకే అందింది, చదివాను, అర్థమైంది, మరి, అన్నారు ఆయన, నేనే ఆపాను, ఎందుకు ఆపారో సెలవిస్తారా, నీళ్ళు నమలడానికి కూడా వ్యవధి లేదు, అక్కర కూడా లేదు, ఎదురుగా కట్ట వెనక రెండు వేల తుపాకులున్నాయి, నా వైపు చాటు లేదు, ఫిరంగులు రాలేదు, వచ్చేదాకా ఆపాను, అవి ఉత్తి మందు తుపాకులండీ జెలిన్, మీకెవరూ చెప్పలేదా, మళ్ళీ నవ్వులు, ఈసారి కొంచెం తక్కువ, తెలుసండీ, అన్నాడు, ఇవాళ ఉత్తి మందు ముందు ఎలా నడిపిస్తే రేపు సీసం ముందు అలాగే నడుస్తారు, వాళ్ళకి వేరేది తెలియదు కదా, ఎవరూ నవ్వలేదు, సాం ప్రివా వాలు మీద నడిచినవాళ్ళు ఆ అర్ధచంద్రంలో ఇంకో ఐదుగురున్నారు, ఒకాయన కళ్ళెం వంక చూసుకుంటున్నాడు, జనరల్ కూడా ఆ రోజు అక్కడే ఉన్నారు, అప్పటికి మేజర్, ఆయన గడ్డం కింద కండ ఒకటి కదిలి ఆగింది, మీకు ఆరోగ్యం బాగున్నట్టు లేదు జెలిన్ గారూ, అన్నారు చాలా మెల్లగా, దాదాపు జాలిగా, బాగానే ఉందండీ, లేదు, బాగా లేదు, అన్నారు ఆయన, అని మిగతావాళ్ళ వైపు తిరిగి అశ్వదళం తప్పుల గురించి మొదలుపెట్టారు, అయిపోయింది, ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగం రెండు చిన్న మాటల మధ్య అయిపోయింది, పక్క గుర్రాలు ఎడం తగ్గించుకోలేదు గాని ఇంకా పెంచుకోనూ లేదు.

పటాలం దగ్గరికి తిరిగి వెళ్తుంటే మార్వేడె అర గుర్రం దూరంలో వెనకే వస్తున్నాడు, మొహం ఎర్రగా ఉంది, చివరికి ఉండబట్టలేక, ఏమొచ్చిందండీ మీకు, అన్నాడు, మీరన్నది నిజమే కావచ్చు, అయినా ఏమొచ్చింది, రేపు మీ కుర్చీలో వచ్చి కూర్చునేవాడు డప్పులు కొట్టుకుంటూ నేరుగా నడిపిస్తాడు, అంతే కదా, అంతే, అన్నాడు జెలిన్, కుర్రవాడి మాటలో తప్పేమీ లేదు, నువ్వు అబద్ధం మొదలెట్టావు చూడు, దానికి థాంక్సు, ఇంకెప్పుడూ ఎవరి కోసమూ ఆ పని చెయ్యకు, అన్నాడు, మార్వేడె ముక్కు గట్టిగా చీదాడు, వాగు ఒడ్డున సైనికులు తుపాకులు మూడేసి చొప్పున ఆనించి నిలబెట్టి, బూట్లు విప్పి, బఠాణీ పులుసు తాగుతున్నారు, కల్నల్ వస్తున్నాడని తెలియని ఒకడు వీపు తిప్పుకుని అంటున్నాడు, ముసలాయన ఇవాళ పుణ్యం కట్టుకున్నాడ్రా, లేకపోతే ఈ పాటికి ఆ దుంపల్లో పొర్లి మోచేతులు గీసుకుపోయి ఉండేవి, ఓడిపోయాం కదరా, అన్నాడు ఇంకొకడు, ఓడితే ఓడాం, పులుసు వేడిగా ఉంది కదా, అన్నాడు మొదటివాడు, అందరూ నవ్వారు, తనని చూసి గభాల్న లేచి నిలబడబోతే, తినండి, తినండి, అన్నాడు, గుర్రం దిగి కళ్ళెం మార్వేడె చేతికిచ్చి వాగు దాకా నడిచాడు, మనసు తేలికపడుతుందని ఎదురుచూశాడు, నిజం చెప్పాక తేలికపడుతుందని పుస్తకాల్లోనూ ప్రార్థనల్లోనూ అంటారు, ఒటిలీకి ఏం చెప్పాలన్నది బరువే గాని అది మొయ్యగలిగే బరువు, ఆవిడ అరుస్తుంది, తర్వాత యాపిల్ మొక్క ఎక్కడ పాతాలో ఆలోచిస్తుంది, ఉద్యోగం పోతుందంటే ఇంత సేపూ గుండెలో ఏమీ కదలలేదు, మరి ఈ బరువు దేనిది, ఎక్కడిది, పొద్దున లేదే.

చెయ్యెత్తాడు, ఆగారు, అంతే జరిగింది ఇవాళ, బూర ఊదేవాడు ఒక్కమాట అడిగాడు, తను ఒక్కమాట చెప్పాడు, పదిహేడు వందల మంది ఆగారు, భూమి బద్దలవలేదు, ఆకాశం ఊడిపడలేదు, ఒక జనరల్‌కి కోపం వచ్చింది, ఒక పటాలం ఓడింది, ఓడినవాళ్ళు అక్కడ కూర్చుని పులుసు తాగుతున్నారు, ఇవాళ సీసం లేదు, ఆ రోజు ఉంది, నిజమే, పక్క కంపెనీ ఎలాగూ నడిచేది, అదీ నిజమే, వరద ఆగేది కాదు, వరద సంగతి ఎవడు అడిగాడు, తన వెనక ఉన్నది వరద కాదు, రెండు వందల ముప్పై మంది, పేరుపేరునా కాళ్ళు చూసినవాళ్ళు, తన చేతి వంక చూసి నడిచేవాళ్ళు, చెయ్యి ఎత్తితే ఆగేవాళ్ళు, కెప్టెన్ ఏమీ చెయ్యలేడని పాదిరీ చెప్పాడు, ఒటిలీ చెప్పింది, తనకి తనూ చెప్పుకున్నాడు, ఇవాళ తొమ్మిదీ ఇరవైకి తన చెయ్యే అది అబద్ధమని చూపించింది, ఇక ఆ దిండు లేదు, జెలిన్ వాగు పక్కన నిలబడి, చేతి తొడుగు విప్పి, ఆ కుడి చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు, ఆ రోజు కూడా ఆగేవాళ్ళు, అడోమైట్ అయితే ఆపక్కర్లేదు కూడా, అప్పటికే నేల మీద పడుకుని ఉన్నాడు, లేపింది తను.